ఆమె పేరు మీద నా ఊపిరి

స్పితికి పోవాలన్న ఆలోచన నాకు పప్పు గిన్నె దగ్గర పుట్టింది. నీ బాపమ్మ మాటలని నువ్వు నవ్వకుండా రాసుకుంటే మిగతాది చెప్తాను.

ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లకు మేం భోజనం క్యారియర్లు పంపే రోజుల్లో ఒక అమ్మాయి క్యారియర్ వద్దని మా ఇంటికే వచ్చి తినిపోయేది. కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేట వచ్చిన పిల్ల. ఊరు ఎక్కడంటే స్పితి అంది. అదెక్కడంటే హిమాచల్‌లో, చాలా పైన అని చెయ్యి పైకెత్తి చూపించింది. కారం ముట్టేది కాదు. ఉత్త పప్పు, అన్నం, పెరుగు. ఒకరోజు తింటూ తింటూ, మా ఊళ్లో పప్పు ఇంత మెత్తగా ఉడకదు ఆంటీ అని హిందీలో చెప్పింది. నీళ్లు ఇక్కడికంటే తొందరగా మరుగుతాయట. కాని ఎంతసేపు మరిగినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుందట. కుక్కర్ లేకపోతే పూట గడవదట. ఎత్తు ఎక్కువ, గాలి తక్కువ, అందుకని అంది.

నేను నమ్మలేదు. పొద్దున ఒక గుండిగ, సాయంత్రం ఒక గుండిగ పప్పు దించేదాన్ని. తెర్లుతున్న నీళ్లలో పప్పు ఉడకలేదంటే అది పప్పు తప్పు. పాత పప్పు కొంటున్నారేమో చూసుకోమన్నాను. ఆ పిల్ల నవ్వి, వచ్చి చూడండి అంది. కోర్సు అయిపోయింది, వెళ్లిపోయింది. మళ్లీ ఫోన్లు గీన్లు ఏమీ లేవు. ఆ మాట మాత్రం ఉండిపోయింది. పప్పు కడిగి పొయ్యి మీద పెట్టిన ప్రతిసారీ కాకపోయినా, వారానికి ఒకసారైనా గుర్తుకొచ్చేది.

మీ చిన్న బాపమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే చదివేవాళ్లకు తెలియదు. ఆమె నా యారాలు, మీ తాత తమ్ముడి భార్య. నాకంటే మూడేళ్లు చిన్న. ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచి మా ఇద్దరిదీ ఒకే వంటిల్లు. క్యారియర్ల పని ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. పొయ్యి నాది, బయట పని ఆమెది. కూరగాయలు తేవడం, కోయడం, క్యారియర్లు సర్దడం, హాస్టళ్లకు మోసుకుపోయి ఇచ్చి రావడం ఆమె చేసేది.

అట్లా పంచుకోవడానికి కారణం ఉంది. పెళ్లయిన కొత్తలో ఆమెకు ఆయాసం. చలికాలం వస్తే పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. మృగశిర నాడు ఇచ్చే చేపమందు వరసగా మూడేళ్లు మింగింది. మూడేళ్లూ లైన్లో నిలబడింది నేను. మింగే సమయానికి ఆమె వచ్చి నా ముందు దూరేది. ఆ రోజుల్లో మాది పొట్టు పొయ్యి. పెద్ద రేకు డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు గట్టిగా కూరి, రోకలి మెల్లగా తీసేస్తే మధ్యలో బొక్క మిగులుతుంది. కింది నుంచి అంటిస్తే రెండు మూడు గంటలు ఆగకుండా మండుతుంది. మంట బాగుంటుంది, పొగ కూడా అట్లాగే ఉంటుంది. ఆయాసం మనిషిని ఆ పొయ్యి దగ్గరికి ఎట్లా రానిస్తాం? రానివ్వలేదు. పన్నెండేళ్లో పద్నాలుగేళ్లో అట్లా నడిచింది. తర్వాత గ్యాస్ వచ్చింది.

ఒకరి బదులు ఒకరం నిలబడటం మాకు అలవాటు. రేషన్ షాపు దగ్గర ఆమె కార్డుకు నేను, నీళ్ల ట్యాంకర్ దగ్గర నా బిందెలకు ఆమె. మీ నాన్న బడిలో తల్లి రావాలి అని కబురు వస్తే, నా చేతులు పిండిలో ఉంటే ఆమె పోయి, తల్లి అని రాసిన చోట సంతకం పెట్టి వచ్చేది. నాలుగో తరగతి చివర్లో నేను పోతే టీచరమ్మ నన్ను పైకీ కిందికీ చూసి, మీరు పిల్లాడికి ఏమవుతారు అని అడిగింది. ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వుకున్నాం. అందులో తప్పుందని ఎప్పుడూ అనిపించలేదు.

కరోనా తర్వాత క్యారియర్లు ఆపేశాం. ఈ ఏడు ఎండాకాలం మొదట్లో పంజాగుట్టలో జాకెట్టు లైనింగ్ కొనడానికి పోయినప్పుడు, ఒక బిల్డింగ్ రెండో అంతస్తులో బోర్డు కనపడింది. అరవై దాటిన ఆడవాళ్లకు మాత్రమే, స్పితి యాత్ర అని. పక్కన తెల్ల కొండ బొమ్మ. లైనింగ్ సంగతి మరిచిపోయి మెట్లెక్కాం.

ఆఫీసులో ఉన్నావిడ కోస్తా మనిషి, నలభై ఏళ్లుంటాయి, ఓపిగ్గా చెప్పింది. సెప్టెంబర్‌లో వానలు తగ్గాక పోవడం. రైల్లో పోయి, పైన సిమ్లాలో రెండు రోజులు ఉండి, అక్కడినుంచి చిన్న బస్సులో మెల్లమెల్లగా పైకి. పన్నెండు వేల అడుగుల పైన నాలుగు రాత్రులు. మళ్లీ సిమ్లాకు దిగి ఇంటికి. నేను మొదట అడిగింది అక్కడ వంట ఎవరు చేస్తారు, వంటింట్లోకి మనల్ని రానిస్తారా అని. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"అందరూ బాత్రూమ్ ఎలా ఉంటుందని అడుగుతారమ్మా. వంటిల్లు అడిగింది మీరొక్కరే" అంది.

అన్నీ చెప్పాక చివర్లో షరతు చెప్పింది. ఛాతీ డాక్టర్ దగ్గర ఊపిరి పరీక్ష చేయించుకుని, పోవచ్చు అని రాసిన కాగితం తేవాలి. పైన గాలి పలచగా ఉంటుంది, పెద్ద ఆస్పత్రికి గంటల ప్రయాణం, ఎవరికైనా ఏమైనా అయితే చేసేదేమీ ఉండదు. కాగితం లేకుండా వస్తానంటే మా అమ్మనైనా బస్సెక్కించను అంది.

మీ చిన్న బాపమ్మ అప్పటిదాకా కొండల ఫొటోలు ఒక్కొక్కటి తిరగేస్తూ కూర్చుంది. ఆ మాట వినగానే పుస్తకం మూసి బల్ల మీద పెట్టేసింది.

ఇంట్లో చెప్పాం. మీ నాన్న చార్‌ధామ్ పొమ్మన్నాడు, పుణ్యమైనా వస్తుందని. స్పితిలో ఏముంది అన్నాడు. ఉడకని పప్పు ఉంది అన్నాను. టీవీ సౌండ్ పెంచుకున్నాడు.

తయారీ మొదలుపెట్టాం. రోజూ పొద్దున్నే అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు. రోడ్డు మీదినుంచి పైకెక్కి, ఆ వైపు దిగి, మళ్లీ ఎక్కి, ఈ వైపు దిగడం. టికెట్టు అక్కర్లేదు. ఎత్తుకు అలవాటు పడతామని మా లెక్క. మూడంతస్తుల ఎత్తులో గాలి పలచబడదని టూరావిడ తర్వాత చెప్పింది, అయినా మానలేదు. ఎక్కేటప్పుడు సగంలో మీ చిన్న బాపమ్మ కడ్డీ పట్టుకుని ఆగేది. "అక్కా, జర ఆగు, దమ్మొస్తుంది" అనేది. ఆమె కోసం నేనూ ఆగేదాన్ని. పైకి పోయాక, ఇట్లయితే నువ్వు స్పితి ఎట్లా ఎక్కుతావు అని నేను ఆమెను దెప్పేదాన్ని. ఈ మాట గుర్తుపెట్టుకో, రాయడం మరిచిపోకు.

మే నెలలో ఉన్ని సాక్సులు అడుగుతూ షాపులన్నీ తిరిగాం. ఒక షాపాయన ఫ్యాన్ మా వైపు తిప్పి, కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగండి అన్నాడు. ఎండకు తల తిరిగిందనుకున్నట్టున్నాడు.

పంజాగుట్టలోనే ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. మా ఇద్దరి వీపుల మీదా గొట్టం పెట్టి విని, ఏమీ చెప్పకుండా చెరో చీటీ రాసి ఇచ్చింది. ఊపిరి ఊదే పరీక్ష, చేయించుకుని రిపోర్టు తెమ్మంది.

చీటీలు నాలుగు రోజులు దేవుడి అల్మారాలో ఉన్నాయి. పోదాం అంటే మీ చిన్న బాపమ్మకు రోజుకొక పని. ఐదో రోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది.

"నా చీటీ పట్టుకుని నువ్వు ఊదిరా అక్కా. నేనైతే ఫెయిలే."

"అదేమన్న రేషన్ లైనా, నేను నిలబడితే నీకు బియ్యం వచ్చుడికి?"

"ఆ పైపుకు మనిషెవరో తెలుస్తదా? పేరు చెప్పాలె, ఊదాలె, అంతే. నాకు చలికాలంల వస్తుండె, మళ్ల వస్తదేమో. ఇప్పుడు మంచిగనే ఉన్న. మిషన్‌కు ఇవన్నీ ఏం తెలుసు?"

నేను ఒప్పుకున్నాను. ఎక్కువ ఆలోచించలేదు. ఆమె లేకుండా నేను పోవడం అనేది అప్పటికి నా తలలో లేదు. ఆమెకు ఆయాసం ఉన్నా పైన ఏమైనా అయితే నేనున్నాను కదా అనుకున్నాను. నేనుంటే మాత్రం ఏం చేసేదాన్ని?

మర్నాడు ఆమె చీటీతో నేను ల్యాబుకు పోయాను. ఆమె పేరు చెప్పాను, ఆమె వయసు చెప్పాను. పరీక్ష చేసే అమ్మాయి తురకల పిల్ల, మాట మంచిది. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, గుండెల నిండా పీల్చి ఒక్కసారిగా ఊదమంది. "జోర్‌సే అమ్మా, ఇంకా, ఇంకా, ఇంకా, ఆపొద్దు" అని పక్కన నిలబడి నాతోపాటు తనూ ఊపిరి బిగపట్టింది. నేను ఊదాను. ఆమె కంప్యూటర్ చూసి, పూరా ఊదుతలేరు, మళ్లీ ఊదండి అంది. మూడుసార్లు ఊదించింది. పీల్చే మందు ఒకటి ఇచ్చి, బయట కూర్చోబెట్టి, మళ్లీ మూడుసార్లు. చివరికి ఆ అమ్మాయి, మీరు ఊదింది సరిగ్గానే ఉందమ్మా, పరేషాన్ కాకండి, డాక్టర్‌కు చూపించండి అని నా భుజం మీద చెయ్యి వేసింది. సరిగ్గా ఊదితే భుజం మీద చెయ్యి ఎందుకు అనుకున్నాను.

కవరు తెచ్చి మన గల్లీ మందుల షాపాయనకు చూపించాను. ఆయన చదివి, ఇదెవరిది అని అడిగాడు. మా యారాలిది అన్నాను. ఊపిరి గొట్టాలు బాగా సన్నబడ్డాయి, ఉండాల్సినదాంట్లో సగానికి కొంచెం ఎక్కువుంది, ఆలస్యం చెయ్యకుండా చూపించండి అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. ఇద్దరం కవరును మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. నాకు ఆయాసం లేదు, ఎప్పుడూ లేదు. కాబట్టి మిషన్ పాడయింది. అది నా వాదన. మీ చిన్న బాపమ్మ కూడా అదే అంది. మిషన్ పాడయిందని తేల్చుకోవడానికి ఆమే ఉపాయం చెప్పింది.

"నీ చీటీ ఇయ్యి. నేను పోయి నీ పేరు మీద ఊదుత. నీకే గంత తక్కువొస్తే నాకు ఇంకెంత తక్కువ రావాలె? దెబ్బకు మిషన్ సంగతి తెలుస్తది."

మర్నాడు ఆమె పోయింది. నేను గడపలో కూర్చున్నాను. ఆమె ఆటో దిగి, కవరు నా చేతికి ఇవ్వకుండా లోపలికి పోయి కాళ్లు కడుక్కుంది. మందుల షాపాయనకు దారిలోనే చూపించిందట. బాగుందమ్మా, ఈ వయసుకు చాలా బాగుంది అన్నాడట. అదే మిషన్, అదే అమ్మాయి.

ఇప్పుడు జాగ్రత్తగా రాయి. నా పేరు ఉన్న కాగితంలో ఆమె ఊపిరి ఉంది, అది బాగుంది. ఆమె పేరు ఉన్న కాగితంలో నా ఊపిరి ఉంది, అది బాగాలేదు. ఆ కాగితాల లెక్కన నేను స్పితికి పోవచ్చు, ఆమె పోకూడదు. నిజం లెక్కన ఆమె పోవచ్చు, నేను పోకూడదు.

ఆ రోజు మేం దాని గురించి మాట్లాడుకోలేదు. వంట చేసుకున్నాం, తిన్నాం. రెండో రోజు నేను టూరావిడకు ఫోన్ చేసి, నాది పాసైందని చెప్పాను. ఎందుకు చెప్పానంటే, చెప్పాలనిపించింది. మంచిదమ్మా, డాక్టర్ సంతకం పెట్టించి ఇవ్వండి అంది ఆవిడ. మీ చిన్న బాపమ్మ పక్కనే ఉల్లిగడ్డలు ఏరుతోంది. తలెత్తలేదు. నా మనసులో లెక్క ఇట్లా ఉంది: ఊపిరి తగ్గిందని కాగితం చెప్తే తప్ప నాకు తెలియలేదు. తెలియకుండానే ఇన్నేళ్లు అన్ని పనులూ చేసుకున్నాను. పైన ఇంకో నాలుగు రోజులు కూడా తెలియకుండా గడిచిపోవచ్చు. ఆమెకు ఏదో ఒకటి సర్ది చెప్పొచ్చు. ఇది మంచి ఆలోచన అని చెప్పడం లేదు. వచ్చిందని చెప్తున్నాను.

మూడో రోజు పొద్దున ఎప్పటిలాగే మెట్రో మెట్లకు పోయాం. మీ చిన్న బాపమ్మ ముందు, నేను వెనక. సగం మెట్లకు వచ్చాం. రోజూ ఆగే చోట ఆమె ఆగలేదు. నేను ఆమె ఆగుతుందని చూస్తున్నాను. ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని ఒకే తీరుగా పైకి ఎక్కుతోంది, వెనక్కి తిరగలేదు. నేను ఇంకో పది మెట్లు ఎక్కాను. తర్వాత కడ్డీ పట్టుకున్నాను. ఆఫీసులకు పోయేవాళ్లు నా రెండు పక్కలనుంచీ పోతున్నారు. ఒకమ్మాయి బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి ఇవ్వబోయింది, వద్దన్నాను. వద్దు అనడానికి కూడా రెండుసార్లు గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. పైకి చేరేసరికి ఆమె గోడ పక్కన నిలబడి నన్నే చూస్తోంది. ఆమె ఊపిరి మామూలుగా ఉంది.

"ఇయ్యాల ఆగలేదేం?" అన్నాను.

"ఎందుకు ఆగాలె?"

"రోజూ ఆగుతవు గదా, దమ్మొస్తుందని."

"నాకెన్నడొచ్చింది? నీకొస్తుండె. నువ్వు ఆగవు, ఆగుమంటే కోపానికొస్తవు. మోకాళ్లు గుంజుతున్నయేమో, చెప్తలేదు అనుకున్న. నాకొస్తుందంటే నువ్వు ఆగుతవని అట్లన్న."

"ఎప్పటిసంది?"

"ఈ మెట్ల మీదనైతే మొదటిరోజు సంది. ఎర్రగడ్డ రైతుబజారుకు నువ్వు నాతోని వచ్చినప్పుడైతే అంతకుముందు సంది."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల సుత ఆగితే నువ్వు ఆ కాగితం పట్టుకుని కొండెక్కుతవు. నాకు ధైర్యం లేదక్కా."

నేను అక్కడే కింద కూర్చున్నాను. ఆమె కూడా కూర్చుంది. సెక్యూరిటీ అతను వచ్చి ఇక్కడ కూర్చోవద్దు అన్నాడు. ఆమె అతనితో, మా అక్కకు పానం బాగలేదు, రెండు నిమిషాలు ఆగు భాయ్ అంది. బయటివాళ్లతో ఆమె ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. ఎప్పుడూ పానం బాగలేనిది ఆమెకే.

ఇంటికి పోయి, రెండు కవర్లు తీసుకుని, పది గంటలకు డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. నేనే చెప్పాను. ఏ కవరులో ఎవరి ఊపిరి ఉందో చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి మా ఇద్దరినీ చూసింది.

"ఏంటమ్మా, అమీర్‌పేటలో ఫోన్ ఇంటర్వ్యూ అనుకున్నారా, ఒకరి బదులు ఒకరు కూర్చోడానికి? ఆ రోజు వీపు మీద విన్నప్పుడే మీది నాకు తెలిసింది. ఈ కాగితాలు ఇట్లాగే తెచ్చుంటే మిషన్‌ని కాదు, మిమ్మల్ని అడిగేదాన్ని."

నన్నే తిట్టింది. మీ చిన్న బాపమ్మ నాదే తప్పు అని మధ్యలో దూరబోతే, మీ వంతు వస్తుంది ఆగండి అంది. తర్వాత మామూలు గొంతుతో అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో సిగరెట్టు తాగేవాళ్లున్నారా అంటే లేరు. కట్టెల పొయ్యి మీద వండారా అంటే, కట్టెలు కాదు, పొట్టు పొయ్యి అన్నాను. అదేంటో ఆవిడకు తెలియదు. మీ చిన్న బాపమ్మ చెప్పడం మొదలుపెట్టింది. డబ్బా, రోకలి, పొట్టు ఎట్లా కూరాలి, ఎక్కడ అంటించాలి, రేకుల షెడ్డులో పొగ ఎట్లా నిలబడేది, చేతులతో చూపిస్తూ చెప్తోంది. పొయ్యి దగ్గర రోజుకు ఎన్ని గంటలు ఉండేవారు అని డాక్టరమ్మ అడిగింది. ఆమె నేనైతే అని మొదలుపెట్టి ఆగిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేనే చెప్పాను, పొయ్యి నాదండి, ఆమెది బయట పని అని. డాక్టరమ్మ రాసుకుంది.

ఆ రోజే ఎవరి పేరుతో వాళ్లం మళ్లీ ఊదాం. తేడా ఏమీ రాలేదు. ఆమె ఆయాసం ఎప్పుడో తగ్గిపోయింది, నాది ఎప్పుడో మొదలైంది, ఇద్దరికీ తెలియలేదు. ఆమె కాగితం మీద సంతకం పెట్టింది డాక్టరమ్మ. నా కాగితం మీద పెట్టలేదు. పన్నెండు వేల అడుగుల మాట నా దగ్గర ఎత్తవద్దంది. పీల్చే మందు రాసి, నెల తర్వాత రమ్మంది.

ఆటోలో మీ చిన్న బాపమ్మ, నేను పోనే పోను అంది. ఆ సంతకం ఉన్న కాగితం చింపబోయింది, నేను లాక్కున్నాను. వారం రోజులు అదే గొడవ. మీ నాన్న మధ్యలో వచ్చి, ఇద్దరూ మానేసి యాదగిరిగుట్ట పోయిరండి అన్నాడు. చివరికి ఆమే ఒక మెట్టు దిగింది.

"సరే, పోత. నీ బదులు పోయి, ఆ పప్పు ఉడుకుతదో లేదో చూసొచ్చి నీకు చెప్త."

"నా బదులు వద్దు" అన్నాను. "నువ్వు పోతే నీ కోసం పో. నీకేం చూడాలనుంటే అది చూడు. పప్పు వైపు చూడకున్నా నేనేమనను."

 ఆమె అడిగింది, నాకేం చూడాలనుందో నాకేం తెలుసు అని. తెలియకపోతే పోయాక తెలుస్తుంది అన్నాను. ఆ టూర్ పుస్తకంలో కొండ అంచున ఒక మఠం ఫొటో ఉండేది, ఆమె దాని దగ్గరే ఎక్కువసేపు ఆగేది. ఆ సంగతి నేను గుర్తుచేయలేదు.

నెల రోజులు మందు పీల్చాను. పొద్దున, సాయంత్రం, పీల్చాక నోరు పుక్కిలించాలి. డాక్టరమ్మ దగ్గరికి పోతే వేలికి క్లిప్పు పెట్టి చూసి, వరండాలో ఇటు చివరినుంచి అటు చివరికి నడిపించి మళ్లీ చూసింది. కొంత నయం, కాని పాడైంది తిరిగి రాదు, ఇంకా పాడవకుండా చూసుకోవడమే అంది. నేను స్పితి అడగలేదు. సిమ్లా దాకా పోవచ్చా అని అడిగాను. సిమ్లా ఏడు వేల అడుగులు. ఆవిడ ఆలోచించింది. మందు మానకుండా, ఎక్కడా తొందరపడకుండా, తోడు ఎవరైనా ఫోన్‌కు అందేటట్టు ఉంటే సిమ్లా దాకా పోవచ్చు, దాని పైన ఒక్క మలుపు కూడా ఎక్కకూడదు అంది. అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టింది.

టూరావిడ ముందు ఒప్పుకోలేదు. తర్వాత సిమ్లాలో తనకు తెలిసిన ఒక ఇంట్లో గది మాట్లాడింది, ఇంటావిడ విశ్రాంత నర్సు. బస్సు పైకి పోయి దిగేదాకా నేను అక్కడ ఉండాలి. పైన నాలుగు రాత్రులు, దారిలో పోనూ రానూ రెండు, మొత్తం ఆరు రోజులు. టూరావిడ నాకు పదిసార్లు చెప్పింది, బస్సు కదిలేటప్పుడు నేను కూడా ఎక్కుతానని ఏడవకూడదని. నేను ఏడ్చే మనిషిని కానని మీ చిన్న బాపమ్మ చెప్పింది. ఆమె ఏడుస్తుందేమో అని నేను చెప్పాను.

రైలు వచ్చే శుక్రవారం. ఆరు రోజులు ఒక్కదానివి ఏం చేస్తావు అని నువ్వు కూడా అడిగావు. తెలియదు. పెళ్లయ్యాక ఆరు గంటలు కూడా నేను ఒక్కదాన్నే ఉన్నట్టు లేదు. వంట చెయ్యనక్కర్లేదు, ఎవరికీ వడ్డించనక్కర్లేదు. కూర్చుంటాను. కొండ అక్కడినుంచి కనపడితే చూస్తాను, మబ్బు పడితే మబ్బును చూస్తాను. పైకి పోలేదన్న బాధ లేదా అంటే ఉంది. ఉన్నంత ఉంది, అంతకంటే ఎక్కువ చేసి రాయకు.

నిన్న సంచీలు సర్దడం మొదలుపెట్టాం. ఇన్నేళ్లలో ఏ పెళ్లికి పోయినా, ఏ గుడికి పోయినా మా ఇద్దరిదీ ఒకటే సంచీ. సగం సర్దాక ఆమె ఆగి, సిమ్లాలో మూడో రోజు పొద్దున నేను పైకి పోతే ఈ సంచీ ఎవరి దగ్గర ఉంటది అంది. అప్పటిదాకా మాకిద్దరికీ తట్టలేదు. అంతా మంచం మీద గుమ్మరించి రెండుగా చేశాం. చీరలు ఎవరివి వాళ్లకు తెలుసు, గొడవ లేదు. మందమైన శాలువ ఆమెకు, పైన చలి ఎక్కువ కాబట్టి. పల్చటిది నాకు. కొబ్బరినూనె చిన్న సీసాలో వంచాం. పండ్లు తోముకునే పొడి పొట్లం కట్టాం. సబ్బు దారంతో కోసి సగం సగం చేశాం. దువ్వెన ఒక్కటే ఉంది. సాయంత్రం ఎండ తగ్గాక పోయి ఇంకోటి తెచ్చుకోవాలి.